కుండీ మట్టి వేరు, పొలము మట్టి వేరు

నూతన భవనమునకు ప్రారంభోత్సవము జరిగినప్పుడు, ఆగస్టు 15న జెండా ఎగురవేసినప్పుడు, పంచాయతీ కార్యాలయము మెట్లకు ఇరువైపుల పూలకుండీలు బారులు తీర్చుట అందరకు తెలిసిన ఆచారమే. ఆ దినమున అవి నిగనిగలాడుచుండును. మూడు నెలలు గడచిన పిమ్మట అవే మెట్లపై చూచినచో కొన్నింటిలో ఎండిన పుల్లలు, కొన్నింటిలో బీడీ ముక్కలు, కొన్నింటిలో వట్టి మట్టి మిగిలియుండును. మేము తిరిగిన గ్రామములలో ఇట్టివి చాల చూచితిమి. కారణ మడిగినచో "నీళ్లు పోసేవాళ్లు లేరండీ" అని సమాధానము వచ్చును. ఇది కొంతవరకు నిజమే. కాని ఆ కుండీలను బోర్లించి వేళ్లను పరిశీలించినచో వేరొక సంగతి బయటపడును. చాలవాటిలో వేళ్లు ఎండి చచ్చినవి కావు, కుళ్లి చచ్చినవి. నల్లబడి, మెత్తబడి, చేతితో లాగినచో పైతొక్క ఊడివచ్చును. నీరు లేక కాదు, నీరు పోవు దారి లేక ఆ మొక్కలు చచ్చినవన్న మాట.

ఇది పంచాయతీ సభ్యులు పట్టించుకొనదగినంత సంగతియా అని కొందరు అడుగవచ్చును. ఒక్కొక్క కుండీకి అగు వ్యయము స్వల్పమే. కాని ఆ సొమ్ము ఇంటి పన్ను కట్టిన గ్రామస్థులది. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. పాఠశాల వరండాలో తాము నాటిన మొక్క చచ్చినప్పుడు పిల్లలు "మన ఊళ్లో ఏదీ బ్రతకదు" అని నేర్చుకొందురు. కార్యాలయము ముంగిట ఎండిన పుల్లలను దినదినము చూచు గ్రామస్థుడు, రేపు రోడ్డు ప్రక్కన నాటబోవు వందల మొక్కలకు కంచె కట్టుమన్నచో నమ్మకముతో ముందుకు రాడు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగినవని పేర్కొన్న 29 విషయములలో సామాజిక అడవుల పెంపకము ఒకటి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము 2018లో నర్సరీని, మొక్కల సంరక్షణను గ్రామ పంచాయతీ బాధ్యతలలో చేర్చినది. నర్సరీలోని పాలిథీన్ సంచి కూడ ఒక చిన్న కుండీయే గదా! కుండీ సంగతి తెలిసినవారికి నర్సరీ సంగతి సగము తెలిసినట్లే.

కుండీకి అడుగున్నది

పొలములో మట్టి క్రింద మట్టి, దాని క్రింద మరల మట్టి ఉండును. పైన పడిన నీరు క్రిందికి ఇంకుచు పోవును; పై మట్టిలో ఖాళీ అయిన సందులలోనికి గాలి వచ్చి చేరును. కుండీలో అట్లు కాదు. జానెడు లోతున అడుగు వచ్చును. అడుగున రంధ్రమున్నను, నీరంతయు దానిగుండ జారిపోదు. మట్టి రేణువులు కొంత నీటిని పట్టుకొని అడుగు భాగమున నిలిపియుంచును.

దీనిని గ్రామసభలో చూపదలచినవారికి సులభమైన ప్రయోగ మొకటి చెప్పెదము. గిన్నెలు తోము స్పాంజి నొకదానిని నీటిలో ముంచి, పడుకోబెట్టినట్లు అడ్డముగా పట్టుకొనవలెను. కొంతసేపటికి చుక్కలు కారుట ఆగిపోవును. అప్పుడు దానిని నిలువుగా త్రిప్పినచో మరల నీరు కారును. స్పాంజి అదే, నీరు అదే; ఎత్తు మాత్రమే మారినది. ఎత్తు తక్కువగా నున్నప్పుడు నీరు ఎక్కువ నిలుచును. లోతు లేని కుండీలలో మొక్క త్వరగా కుళ్లుటకు ఇదియే కారణము.

అడుగున గులకరాళ్లు పోసినచో నీరు బాగుగా పోవునని పెద్దలు చెప్పుట కలదు. ఆ మాట మేమును చాల చోట్ల విన్నాము. కాని వాస్తవమునకు మెత్తని మట్టిలోని నీరు రాళ్ల సందులలోనికి తేలికగా దిగదు. రాళ్ల పైననే నిలిచిపోవును. ఫలితముగా తడి పొర పైకి జరిగి వేళ్లకు మరింత దగ్గరగును. రాళ్లు పోసినంత మేర కుండీ లోతు తగ్గినట్లే. రంధ్రముపై కుండ పెంకు నొకదానిని బోర్లించి, మట్టి జారిపోకుండ చేసిన చాలును. మిగిలిన పని మట్టియే చేయవలెను.

వేళ్లకు గాలి ఎందుకని అడుగుదురేమో. ఆకులవలెనే వేళ్లు కూడ శ్వాసించును. సందులన్నియు నీటితో నిండినచో వాటికి ఊపిరాడదు. వరి నీటిలోనే నిలుచుచున్నది గదా అను ప్రశ్న సహజమే. వరి కాండములో గాలిగొట్టములవంటి సన్నని దారులుండి, పైనుండి వేళ్లకు గాలిని చేరవేయును. మందారమునకు, గులాబీకి, కరివేపాకునకు అట్టి ఏర్పాటు లేదు.

మన ఊరి మట్టిని గుర్తించుట

తెలుగు దేశమున ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క నేల. తెలంగాణమున, రాయలసీమలో ఎర్రనేలలు విస్తారముగా కలవు. వీటినే తెలంగాణమున చెలకలందురు. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతములలో నల్లరేగడి విస్తారము. కృష్ణా, గోదావరి డెల్టాలలో ఒండ్రునేల, సముద్రతీరమున ఇసుక నేల, మధ్యమధ్య చౌడు. రైతు తన పొలమును బాగుగా ఎరుగును. అయినను ఆ జ్ఞానమే కుండీ దగ్గర కొన్నిసార్లు తప్పుదారి పట్టించును. పంటకు మేలైన మట్టి కుండీకి కూడ మేలైనదని భావించుటయే దీనికి మూలము.

దీనికి చక్కని ఉదాహరణ చెరువు మట్టి. తెలంగాణమున 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు ఆ మట్టిని తమ చెలకలకు తోలుకొనిరి. అది మంచి పనియే. నీరు నిలువని ఎర్ర చెలకలో చెరువు మట్టి తేమను, సారమును పట్టియుంచును. కాని అదే మట్టిని తట్టలకెత్తి తెచ్చి పాఠశాల కుండీలలో నింపినచో ఏమి జరుగును? తడిసినప్పుడు అది జిగురై ముద్దగును, గాలి దూరదు. ఎండినప్పుడు కుంచించుకొని కుండీ గోడనుండి విడిపోవును. ఆపైన మనము పోసిన నీరు ఆ సందుగుండ జారి రంధ్రమునుండి బయటకు వచ్చును. మనకు నీరు బాగుగా పట్టినదని తోచును. లోపలి గడ్డ మాత్రము ఎండియే యుండును. ఒకే కుండీలో ఒకనాడు కుళ్లు, మరొకనాడు ఎండు! రేగడితో కూడ ఇదే ఇబ్బంది.

మట్టిలో బంక ఎంత యున్నదో తెలిసికొనుటకు ప్రయోగశాల అక్కరలేదు. తెల్లని గాజు సీసాలో మూడవ వంతు మట్టి వేసి, నీరు నింపి, గట్టిగా కుదిపి కదలకుండ నిలుపవలెను. ఇసుక ఒక నిమిషము లోపలనే అడుగునకు దిగును. ఒండ్రు రేణువులు గంట, రెండు గంటలలో దానిపై పేరుకొనును. బంకమట్టి మరునాటికిగాని తేరదు. కొన్నిసార్లు ఇంకను ఆలస్యమగును. అట్లు తేరిన పొరలలో పై బంక పొర మొత్తములో మూడవ వంతు మించినచో ఆ మట్టిని కుండీలో ఒంటరిగా వాడకూడదు. పాఠశాలలో పిల్లలచేత ఈ పరీక్ష చేయించినచో వారు ఎంతో ఉత్సాహముతో చేయుదురు. ఊరిలోని నాలుగు మూలలనుండి నాలుగు సీసాలు పెట్టించి చూడుడు.

ఎండకాలమున పైన తెల్లని పొర పేరుకొను చౌడు మట్టిని మాత్రము ఏ విధముగను తేకూడదు. సందేహము కలిగినచో మండల వ్యవసాయాధికారి ద్వారా భూసార పరీక్ష చేయింపవచ్చును. 2015 నుండి రైతులకు ఇచ్చుచున్న భూసార పత్రములు మీ గ్రామములోనే అనేకుల యిండ్లలో ఉండును. వాటిలో నేల క్షారగుణము చూపు అంకె 8.5 దాటినచో ఆ పొలము మట్టిని విడిచిపెట్టుట మేలు.

మట్టి కలుపుట

ఎర్రమట్టి రెండు తట్టలు, బాగుగా మాగిన పశువుల ఎరువు ఒక తట్ట, గరుకైన వాగు ఇసుక ఒక తట్ట. తొలిసారి మొక్కలు పెంచువారికి ఈ పాలు చాల వరకు సరిపోవును. రేగడి తప్ప వేరు మట్టి దొరకని గ్రామములలో మట్టి ఒక పాలు, ఇసుకగాని మాడ్చిన ఊకగాని రెండు పాళ్లు, ఎరువు ఒక పాలు కలుపవలెను. ఇసుక నేల గల తీర గ్రామములలో ఇందుకు విరుద్ధముగా ఇసుక మానివేసి ఎరువును హెచ్చింపవలెను. నోటి వెడల్పు, లోతు 12 అంగుళములుగా నుండి అడుగు కొంత సన్నగించిన కుండీకి సుమారు 15 లీటర్ల మట్టి పట్టును. ఈ లెక్కన ఎన్ని తట్టలు కావలెనో ముందుగా చూచుకొనినచో మట్టి తెచ్చుటకు మాటిమాటికి ట్రాక్టరు కట్టనక్కరలేదు.

సముద్రపు ఇసుకలో ఉప్పుండును, అది పనికిరాదు. వాగు ఇసుక తెచ్చుకొనునప్పుడు నిబంధనలు పంచాయతీ సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. రెండు తట్టల కొరకు పదిమందిచేత మాట పడుటకంటె ఇండ్లు కట్టినచోట మిగిలిన ఇసుకను అడిగి తెచ్చుకొనుట మంచిది. కొబ్బరిపీచు పొట్టు దొరకుచోట, ముఖ్యముగా కోనసీమలో, దానిని కొంత కలుపవచ్చును. అది తన బరువునకు అనేక రెట్లు నీటిని పట్టును, తేలికగా నుండి గాలికి దారి యిచ్చును. పచ్చి పొట్టులో ఉప్పు, వగరు ఉండును కనుక రెండు మూడు నీళ్లలో కడిగి పిండవలెను.

ఎరువు విషయమున తొందర పనికిరాదు. పచ్చి పేడగాని, సగము మాగిన పెంటగాని కుండీలో వేసినచో అది మాగునప్పుడు పుట్టు వేడికి లేత వేళ్లు మాడును. తెల్లని వేరుపురుగులు కూడ దానితో చేరును. మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా నుండి తొలకరి మట్టివాసన వేయును. ముక్కు పట్టుకొనవలసిన ఎరువు ఇంకను సిద్ధము కాలేదు. పల్లె ప్రగతి కార్యక్రమమున కట్టిన కంపోస్టు షెడ్లు తెలంగాణ గ్రామములలోను, చెత్తనుండి సంపద తయారుచేయు కేంద్రములు ఆంధ్రప్రదేశ్ గ్రామములలోను కలవు. అవి నడచుచున్న గ్రామములలో ఎరువు కొనవలసిన పనియే లేదు. కాని ఆ ఎరువును జల్లెడ పట్టకుండ పాఠశాలకు పంపకూడదు. గాజుపెంకులు, బ్లేడు ముక్కలు దానిలో దొరకుట అరుదు కాదు. మట్టి కలుపునది పిల్లల చేతులు.

మట్టి కుండీ గోడలగుండ గాలి, తేమ ఆడును. అందుచేత తొలిసారి పెంచువారికి అదియే మేలు. నీరు కొంచెము ఎక్కువైనను క్షమించును. కార్యాలయ కుండీలకు ఎర్రరంగు వేయుట మనకు పరిపాటి. జాజు పూసి సున్నపు పట్టీ దిద్దినచో ఇబ్బంది లేదు. తళతళలాడు ఎనామెలు రంగు పూసినచో ఆ సన్నని రంధ్రములన్నియు మూసుకొనిపోవును. మట్టి కుండీ కొనిన ఫలము దక్కదు. పాత రంగు డబ్బాలు, నూనె డబ్బాలు వాడవచ్చును. అడుగున వ్రేలు పట్టునంత రంధ్రములు మూడు నాలుగు చేసి, డబ్బాను రెండు ఇటుకలపై నిలుపవలెను. నేలకు అంటియున్న రంధ్రము మూసిన రంధ్రమే.

నాటునప్పుడు నర్సరీ సంచిని ప్రక్కగా కోసి తీసివేయవలెను. సంచితోనే పాతిన మొక్కలు మేమెరిగినంతలో ఎన్నియో. మొక్క సంచిలో ఎంత లోతున ఉన్నదో కుండీలోను అంతే లోతున ఉండవలెను. కాండము మట్టిలో పూడినచో మొదలు కుళ్లును. పైన రెండు వ్రేళ్ల ఖాళీ విడిచినచో పోసిన నీరు పొర్లిపోక నిదానముగా దిగును.

నీరు, దోమ

"రోజుకు ఎన్ని నీళ్లు పోయాలి?" అన్నదే అందరు అడుగు ప్రశ్న. దీనికి చెంబుల లెక్క చెప్పుట సాధ్యము కాదు. వర్షాకాలమున మూడు దినములు పోయనక్కరలేని కుండీకే రోహిణి కార్తెలో రెండు పూటల పోయవలసి రావచ్చును. చూపుడు వ్రేలిని రెండు కణుపుల లోతు మట్టిలోనికి గ్రుచ్చి చూడవలెను. తడి తగిలినచో పోయకూడదు. పొడిగా నున్నచో అడుగు రంధ్రమునుండి నీరు కారువరకు నిదానముగా పోయవలెను. పైపైన దినమును చిలకరించుట వలన వేళ్లు పైననే తిరుగును. మధ్యాహ్నపు ఎండలో ఆకులు వాడినంత మాత్రమున కంగారుపడి నీరు పోయనక్కరలేదు. సాయంకాలమునకు లేచినచో మొక్క క్షేమమే. తెల్లవారి కూడ వాడియున్నచో వ్రేలితో పరీక్షింపవలెను. ఎండినను ఆకు వాడును, కుళ్లినను ఆకు వాడును. తడిమట్టిలో వాడిన మొక్కకు మరల నీరు పోయుట మునిగినవానికి దాహము తీర్చినట్లుండును.

బోరు నీటిలో లవణములు హెచ్చుగా నున్న గ్రామములలో కుండీ అంచున, మట్టిపైన తెల్లని పొర పేరుకొనును. కొత్త చిగుళ్లు పసుపుబారి ఈనెలు మాత్రము పచ్చగా నిలుచును. ఇట్టిచోట పై పొరను గీకివేసి, వానలో కుండీలను ఆరుబయట పెట్టి, రంధ్రమునుండి నీరు ధారాళముగా కారనిచ్చినచో లవణములు కడుగుకొనిపోవును. ముదురు ఆకులు క్రిందినుండి పసుపుబారినచో సంగతి వేరు. అది నత్రజని లోపము. రెండు గుప్పెళ్ల వానపాముల ఎరువు పై మట్టిలో కలిపి నీరు పోసినచో కొన్ని దినములలో కొత్త ఆకులు పచ్చబడును.

ఇచట పంచాయతీ సభ్యులు తప్పక గమనింపవలసిన విషయ మొకటి కలదు. గచ్చు పాడుకాకుండుటకు కుండీల క్రింద పళ్లెములు పెట్టుదురు. వాటిలో నిలిచిన నీరు డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమకు ఇష్టమైన చోటు. ఈ దోమ మురుగు కాలువలో కాక, ఇండ్ల దరి నిలువనీటిలో పెరుగును; పగటిపూట కుట్టును. వెచ్చని వాతావరణమున గ్రుడ్డు దోమగుటకు వారము, పది దినములు చాలును. అందుచేత వారమునకొక దినము పళ్లెములన్నియు బోర్లించి ఆరబెట్టవలెను. ఒలికించుట మాత్రమే చాలదు. గ్రుడ్లు నీటి అంచున గోడకు అంటుకొనియుండి, ఎండినను నెలల తరబడి బ్రతికియుండి, మరల నీరు తగులగనే పిగులును. కొబ్బరిపీచుతో తోమి కడుగవలెను. పాఠశాలలో, అంగన్‌వాడీలో, ఆరోగ్య ఉపకేంద్రములో పళ్లెములను పూర్తిగా తీసివేసి కుండీలను ఇటుకలపై నిలుపుట ఉత్తమము. దోమల మందు కొట్టించుటకు తీర్మానము చేసిన పంచాయతీ, తన మెట్లపైననే దోమలను పెంచుట తగదు గదా.

మొదట ఏ మొక్కలు? ఎండ పడుచోట తులసి, మందారము, బంతి. ఉపయోగము కోరువారికి పుదీన, బచ్చలి, తోటకూర, మిరప. ఆకుకూరలకు ఎనిమిది అంగుళముల లోతు చాలును; మిరప, వంకాయలకు పండ్రెండు, కరివేపాకునకు పదునెనిమిది అంగుళములు కావలెను. కరివేపాకు మొదట నిదానముగా పెరుగును, ఓపిక పట్టవలెను. అంగన్‌వాడీ ముంగిట నాలుగు కుండీల తోటకూర పెంచినచో నెల పొడవునా వంటకు సరిపోవునని మేము చెప్పము. కాని పప్పులో వారమునకొకసారి పిల్లలు నాటిన ఆకు పడును. గన్నేరు, పచ్చగన్నేరు పూలు అందముగా నున్నను చిన్నపిల్లలు తిరుగుచోట పెట్టకూడదు. వాటి అన్ని భాగములు విషమే. పిండినల్లి, పేనుబంక కనిపించినచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలమున ఆకుల అడుగువైపు తడియునట్లు చల్లవలెను.

పాఠశాలల వేసవి సెలవులు ఏప్రిల్ చివరినుండి జూన్ రెండవ వారము వరకు ఉండును. ఏడాదిపాటు బ్రతికిన కుండీ మొక్కలు చాలవరకు ఈ ఏడు వారములలోనే పోవుచున్నవి. గేటుకు తాళము పడును, ఎండలు మండును, ఎవరి పని అనునది ఎవరికిని తెలియదు. ఏప్రిల్ సమావేశములోనే దీనిని చర్చించి, కుండీలన్నింటిని పంచాయతీ కార్యాలయము దరి చెట్టు నీడకో, నీటి ట్యాంకు ప్రక్కకో చేర్చి దగ్గర దగ్గరగా పెట్టవలెను. గుంపుగా నున్న కుండీలు నిదానముగా ఎండును. మట్టిపై ఎండుటాకులు గాని వరిగడ్డి గాని రెండు అంగుళముల మందము పరచవలెను. నల్లని ప్లాస్టిక్ సంచులను నేరుగా ఎండలో ఉంచకూడదు. లోపలి వేళ్లు ఉడుకును. నీరు పోయువారి పేరును తీర్మానముల పుస్తకములో వ్రాసికొనవలెను. "పంచాయతీ సిబ్బంది చూచుకొందురు" అని వ్రాసినచో ఎవరును చూడరు. ఒక మనిషి పేరు, ఆ మనిషి ఊరు వెళ్లినచో మరొక మనిషి పేరు.

మృగశిర కార్తెలో తొలకరి పడిన పిమ్మట కుండీలు మార్చుటకు మంచి అదను. అడుగు రంధ్రమునుండి వేళ్లు బయటకు వచ్చినవానిని, నీరు పోయగనే ఇంకక పైన నిలుచువానిని మొదట ఎంచుకొనవలెను. మొక్కను గడ్డతో సహా తీసి, చుట్టు తిరిగిన వేళ్లలో చివరివాటిని కత్తిరించి, రెండు అంగుళములు పెద్దదైన కుండీలోనికి మార్చవలెను. ఒక్కసారిగా మిక్కిలి పెద్ద కుండీలో పెట్టినచో వేళ్లు చేరని మట్టిలో తడి నిలిచి మరల కుళ్లు పట్టును. పాత మట్టిని పారవేయనక్కరలేదు. వేళ్లు ఏరివేసి, వారము దినములు ఎండలో పలుచగా పరచి, మూడవ వంతు మాగిన ఎరువు, కుండీకొక గుప్పెడు వేపపిండి కలిపినచో తిరిగి వాడుకొనవచ్చును. కుళ్లి చచ్చిన మొక్క ఉన్న మట్టిని మాత్రము మరల కుండీలలో వాడక ఏదేని గుంటలో పూడ్చవలెను.